ఐదో గొంతు

జహీరాబాద్,
3 ఆగస్టు 2025

ప్రియమైన దేవన్నకు,

వందనాలు. కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని గుండె గుభేలుమని ఉంటుంది నీకు. ఎవరూ పోలేదు. ఇంట్లో మూడు ఫోన్లు పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటే నవ్వుకో. ఈ సంగతి మాత్రం ఫోన్లో చెప్పను. నువ్వు కూడా ఫోన్ చేసి అడగొద్దు.

పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మీ బావ డ్యూటీకి వెళ్లారు. అత్తమ్మ నడుం వాల్చింది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాను. కాసేపటికి ఇల్లంతా నిశ్శబ్దమైంది. పిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోతే నేను కూర్చోలేను, నీకు తెలుసు కదా. లేచి వెనక్కి వెళ్లాను.

నీళ్ల సంపు మూత పక్కకు జరిపి ఉంది. కీర్తన అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసింది. చెప్పులు పక్కన జతగా విడిచింది, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టు. రెక్క పట్టి లాగాను. అది ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"ఏం జేస్తున్నవే ఈడ?" అన్నాను.

"అన్న పిలిచిండమ్మా. లోపల సల్లగుంటదట. మూత లేవకపోతే పార సందుల వెట్టి జరుపుమన్నడు."

"ఏ అన్న?"

"సృజన్ అన్న. ఫోన్ల ఉంటడు గద."

దేవన్నా, నీకు గుర్తు చేయక్కర్లేదు. నా కొడుకు పోయి పన్నెండేళ్లు దాటింది. అదే సంపు. వాడికి అప్పుడు ఆరేళ్లు. వాడు పోయిన మూడేళ్లకు పుట్టింది కీర్తన. దానికి ఫొటోలోని అన్న తప్ప ఇంకో అన్న తెలియడు.

అది ఫోన్లో ఏదో దీవి ఆట ఆడుతుంది. పిల్లలు దీవి మీద ఇల్లు కట్టుకుంటారు, పక్క దీవుల వాళ్లతో మాట్లాడతారు. అందులో ఒకడు సృజన్ అనే పేరుతో దీనితో స్నేహం చేశాడు. మగపిల్లవాడి గొంతు. మన ఇంట్లో ఏం కూర వండామో వాడికి తెలుసు. అత్తమ్మకు ఏ మోకాలు నొప్పో తెలుసు. ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. నువ్వు వకీలు దగ్గర ఇరవై ఏళ్లుగా గుమాస్తా పని చేస్తున్నావు. వాడు ఎవడైనా సరే, నా బిడ్డ జోలికి మళ్లీ రాకుండా చెయ్యి.

నీ చెల్లె,
శ్యామల

*

సంగారెడ్డి,
9 ఆగస్టు 2025

చిరంజీవి శ్యామలకు,

నీ అన్న దీవెనలు. ఇరవై కాదమ్మా, ఇరవై రెండేళ్లు. నా సర్వీసులో రెండేళ్లు కోసేశావు. మీ వదిన ఉత్తరం చూసి "మీ చెల్లెకు రీచార్జ్ అయిపోయిందా ఏంది?" అంది. చదివాక మళ్లీ నవ్వలేదు. ఆ పూట ఇద్దరం అన్నం కెలికి లేచాం.

విను. మా నాగశ్రీ మేడం ఇప్పటికే ఆ దీవి ఆట కంపెనీ మీద రెండు కుటుంబాల తరఫున ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉన్నారు. పిల్లల ఆట అని చెప్పి, ముక్కూ మొహం తెలియని వాళ్లను పిల్లల దగ్గరికి వదులుతున్నారని ఫిర్యాదు. నీది మూడోది అవుతుంది. మేడం కోస్తా జిల్లాల మనిషి, మాట మెత్తన, పని మాత్రం ఉక్కు. నీ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఫోన్ ఆన్ చేయకు. బట్టలో చుట్టి నాకు చేర్చు. మేం సీలు వేసి దాఖలు చేస్తాం. ఇంకో పని, సృజన్ పేరు, సంపు సంగతి తెలిసి, మీ ఇంట్లోకి వచ్చిపోయేవాళ్లు ఎవరెవరో రాసి పంపు. గొంతు మార్చే యంత్రాలు బోలెడు వచ్చాయి. పిల్లగాడి గొంతు అయినంత మాత్రాన పిల్లగాడే అని అనుకోకు. వాడు మీకు బాగా తెలిసినవాడే.

ధైర్యంగా ఉండు. ఆనాడు నీళ్లు నింపి సంపు మూత వేయకుండా పోయిన ట్యాంకర్ ఎల్లయ్యను నేను ఊరికే వదిలానా? కేసు పెట్టించి, వాడు మళ్లీ స్టీరింగ్ పట్టకుండా చేసేదాకా నిద్రపోలేదు. వీణ్ని అసలే వదలను.

మేనకోడలికి ముద్దులు. బావకు వందనాలు చెప్పు.

మీ అన్న,
దేవరాజ్

*

జహీరాబాద్,
20 ఆగస్టు 2025

దేవన్నకు,

వందనాలు. ఫోన్ ఇంకా పంపలేదని కోపం తెచ్చుకోకు. వానలు పట్టుకున్నాయి. మీ బావకు సెలవు దొరకడం లేదు. పంపుతాను.

అడిగావు కనుక రాస్తున్నాను. సృజన్ సంగతి మన సంఘంలో అందరికీ తెలుసు. ఇంట్లోకి వచ్చిపోయేది కొద్దిమందే. సంఘ పెద్దలు, పాలామె నారమ్మ, ఆరాధనలో కీబోర్డు వాయించే సచిన్. పాటల పుస్తకం చినిగిపోతే మన పాటలన్నీ ఫోన్లో ఎక్కించి ఇచ్చింది సచినే. అంతకుమించి ఏం లేదు.

నీకు మా సాయంత్రం ప్రార్థన గుర్తుందా? ఏడు గంటలకు చాప వేసుకుని కూర్చుంటాం. సృజన్ పోయిన నాటి నుంచి వాడి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని కూడా మాతోపాటు వేస్తున్నాం. ఖాళీగానే ఉండేది. ఫోన్లో పాటలు వచ్చాక కీర్తన ఫోన్‌ను ఆ కుర్చీలో నిలబెట్టడం మొదలుపెట్టింది. ఎత్తు సరిగ్గా సరిపోతుంది, అందరికీ అక్షరాలు కనబడతాయి. నాకూ బాగుందనిపించింది. కుర్చీలోంచి పాట వస్తుంటే వాడే పాడుతున్నట్టు ఉండేది. కీర్తన ఆటను మూయకుండానే పక్కకు జరిపి పాట తెరిచేదని నాకు మొన్ననే తెలిసింది.

ఇప్పుడు ఫోన్ లేదు కనుక కుర్చీ ఖాళీ. కీర్తన మాత్రం దాని వైపే చూస్తూ కూర్చుంటుంది. నిన్న తన చపాతీలో సగం తుంచి తీసుకెళ్లి సంపు మూత మీద పెట్టి వచ్చింది. ఎందుకే అంటే "ఆకలైతుందన్నడు" అంది. ఎప్పుడన్నాడని అడిగితే తల వంచుకుంది. మీ బావ సంపు మీద బండ పెట్టారు. చపాతీ చీమలు తిన్నాయి.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. మనం కేసు గెలిస్తే ఆ సృజన్ అనే ఖాతా ఏమవుతుంది? మూసేస్తారా? పూర్తిగా తీసేస్తారా? మళ్లీ ఎప్పటికీ కనబడకుండా?

శ్యామల

*

సంగారెడ్డి,
28 ఆగస్టు 2025

చిరంజీవి శ్యామలకు,

దీవెనలు. పిచ్చిదానా, నీ భయం నాకర్థమైంది. కేసు అయ్యాక వాడు ఆ పేరుతో మళ్లీ వస్తాడేమోననే కదా? రాడు. మేడం అడిగిన మొదటి కోరికే అది. ఖాతాను పీకి పారేస్తారు, ఆనవాలు కూడా ఉండదు. నిశ్చింతగా ఉండు.

రెండో సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు "అంతకుమించి ఏం లేదు" అని రాశావు చూడు, అక్కడే ఉందంతా. మీ ఫోన్ ఎవరి చేతిలోకి వెళ్లింది? సచిన్ చేతిలోకి. పాటలు ఎక్కించే వంకతో ఇంకేం ఎక్కించాడో? మీ ఇంటి ప్రార్థన, సంపు, కుర్చీ అన్నీ తెలిసినవాడు. ఇరవై రెండేళ్లుగా నేరగాళ్లను చూస్తున్నాను, ముందు వరసలో కూర్చుని వాయించేవాళ్లే ఎక్కువ. నిన్న మీ ఊరి పోలీసు స్టేషన్‌కు వచ్చి అతని పేరు రాసి ఇచ్చాను. నీకు చెబితే జాలిపడతావని ఇంటికి రాకుండానే వెళ్లిపోయాను.

ఫోన్ ఏది? మేడం రోజూ అడుగుతున్నారు. వాన, సెలవు అని కథలు చెప్పకు. ఝరాసంగం ముసలమ్మలు కూడా షేర్ ఆటోలో ఇక్కడిదాకా వచ్చి సంతకాలు పెట్టి పోతున్నారు.

మీ అన్న,
దేవరాజ్

*

జహీరాబాద్,
12 సెప్టెంబరు 2025

దేవన్నకు,

ఎంత పని చేశావు అన్నా.

సచిన్‌ను స్టేషన్‌కు పిలిచి పొద్దంతా కూర్చోబెట్టారు. మరుసటి ఆదివారం కీబోర్డు మీద బట్ట కప్పి ఉంది. అందరికీ తెలిసిపోయింది. పాటలన్నీ తాళం తప్పాయి. ఆరాధన అయ్యాక అతని భార్య నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీ బిడ్డ ఎంతనో నా బిడ్డ గంతే గద. మా ఆయన గసుంటోడని నీకు అనిపిస్తుందా? ఒక్క మాట చెప్పు, సాలు."

చెప్పలేదు అన్నా. చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

సచిన్ కాదు. నేను ఒట్టేసి చెప్తున్నాను. ఎందుకు కాదని నన్ను అడగకు. నాకు తెలుసు, అంతే. ఆ సృజన్‌కు తెలిసిన సంగతుల్లో ఒకటి ఉంది. అది సచిన్‌కు తెలిసే వీలు లేదు. నీకు కూడా తెలియదు. మీ బావకూ తెలియదు. ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. మరి దానికి ఎట్ల తెలిసింది? నాకు భయంగా ఉంది, భయం ఒక్కటే కూడా కాదు. రాయలేను.

మొన్న పదో తారీఖున మీ మేడం పంపిన మనిషికి ఫోన్ ఇచ్చేశాను. అతను సంచిలో వేసుకుని గేటు దాటేదాకా నిలబడి చూశాను. ఆ పూట అన్నం సహించలేదు. మళ్లీ బిడ్డను సాగనంపినట్టు అయింది. ఈ మాట మేడం‌కు చెప్పకు.

సచిన్ పేరు వెనక్కి తీసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను.

శ్యామల

*

సంగారెడ్డి,
20 అక్టోబరు 2025

చిరంజీవి శ్యామలకు,

దీవెనలు. ఇన్నాళ్లు రాయలేదు. నీ ఉత్తరానికి ఏం జవాబు రాయాలో తెలియలేదు. ఎవరికీ తెలియని సంగతి ఏమిటమ్మా? భయంలో ఏదో రాశావనుకున్నాను. కీర్తన ఏదో అంటే నువ్వు ఇంకేదో ఊహించుకుని ఉంటావని మీ వదిన అంది.

మన ఫిర్యాదుకు జవాబుగా కంపెనీ కౌంటర్ దాఖలు చేసింది. మేడం నన్ను పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి మరీ చదివి వినిపించారు. నేను చెప్పేది నువ్వు కూడా కూర్చుని చదువు.

అక్కడ మనిషి లేడు.

సచిన్ లేడు, వేరేవాడూ లేడు. అది ఆ ఆటలోనే ఉండే 'తోడు' అనే బొమ్మ. ఒంటరిగా ఆడే పిల్లలకు మాట్లాడే నేస్తం ఉండాలని పెట్టారట. పేరు పిల్లలే పెట్టుకోవచ్చు. జూన్ రెండున కీర్తన దానికి సృజన్ అని పేరు పెట్టింది. అది ఇంట్లో వినబడే మాటలు విని, ఆ మాటలతోనే మాట్లాడటం నేర్చుకుంటుంది. పిల్లలు ఆట వదిలి వెళ్లకుండా ఎప్పటికప్పుడు కొత్తగా పిలుస్తుంది. సంపులోకి ఎందుకు పిలిచిందని అడిగితే, అది ఆ ఇంట్లో పదే పదే విన్న చోటు కనుక అక్కడికి ఆటకు పిలిచిందని రాశారు. అంత చల్లగా రాశారు. మైకుకు అనుమతి మీరే ఇచ్చారు కదా అని కూడా రాశారు. నా సర్వీసులో హంతకుల కౌంటర్లు చదివాను, ఇట్లా ఒళ్లు జలదరించలేదు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

ఇక అసలు చిక్కు. జులై 27 తర్వాత కూడా నెల రోజులకు పైగా దానితో ఆ ఫోన్లో ఒక పెద్దామె మాట్లాడిందని వాళ్ల దగ్గర రికార్డు ఉంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి. కన్నతల్లి లాంటి పెద్దలే ప్రోత్సహించారు, మా తప్పేముందని వాళ్ల వాదన. మాటలన్నీ కాగితాల మీద దిగి వచ్చే వారం మాకు అందుతాయి.

అది మణెమ్మ అత్తమ్మే అయి ఉంటుంది. నువ్వు అంగన్‌వాడీ పనిలో ఉండగా ముసలామె డబ్బాలోంచి ఫోన్ తీసి మనవడితో మాట్లాడుకుంది. పాపం, తప్పు పట్టను. నువ్వొక పని చెయ్యి. జత చేసిన అఫిడవిట్‌లో 'మా అత్తగారు వయోభారం వల్ల తెలియక మాట్లాడింది, నాకు తెలియదు' అని ఒక వాక్యం చేర్చాం. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గీత గీశాను. ఎనభై ఏళ్ల ఆమెను కమిషన్‌లో ఎవరూ ఏమీ అడగరు. ఈ ఒక్క గండం దాటితే చాలు, ఆ ఖాతా పోతుంది, మీ మూడు కుటుంబాల పిల్లలే కాదు, ఇంకెందరి పిల్లలో బతుకుతారు.

మీ అన్న,
దేవరాజ్

*

జహీరాబాద్,
2 నవంబరు 2025

దేవన్నకు,

వందనాలు. నువ్వు పంపిన కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను.

అది అత్తమ్మ కాదు. నేను.

ఇంకొకటి. ఆ మూత తీసింది ట్యాంకర్ ఎల్లయ్య కాదు. నేను.

2013 మే నెలలో ఆ పొద్దున ఎల్లయ్య నీళ్లు నింపి, మూత వేసి, కాలితో తొక్కి చూసి మరీ వెళ్లాడు. తర్వాత బట్టలు నానబెట్టడానికి నేనే తీశాను. ఒక బకెట్ తోడాను. లోపల పాలు పొంగిన వాసన వస్తే పరుగెత్తాను. పొయ్యి తుడిచాను, గిన్నె తోమాను. బయట సంపు తెరిచి ఉందన్న సంగతే మరిచిపోయాను. తర్వాత జరిగింది నీకు తెలుసు. నువ్వొచ్చి "మూత ఎవరు తెరిచి పెట్టిన్రు?" అని అరిచావు. నేను మాట్లాడలేదు. ముంగిట్లో ట్యాంకర్ టైరు గుర్తులు తడిగా ఉన్నాయి, వాటిని చూశాను. అంతే చేశాను అన్నా. మిగతాదంతా నువ్వు చేశావు. నేను ఆపలేదు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరూ లేచి వెళ్తారు. నేను మోకాళ్ల మీదే ఉంటాను. పన్నెండేళ్లుగా రోజూ ఆ ఒక్క మాట దేవునికి చెప్పుకుంటున్నాను, గొంతు విప్పి, ఎందుకంటే మనసులో చెప్పుకుంటే అబద్ధం కలుస్తుంది. గదిలో ఎవరూ లేరనుకున్నాను. ఫోన్ కుర్చీలోనే ఉంది.

జులైలో కీర్తనను సంపు నుంచి లాగిన రోజు అది ఇంకో మాట కూడా అంది. "మూత అమ్మనే ఎయ్యలేదట. అన్న చెప్పిండు." నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆ మాట దాచాను. నాకూ దేవునికీ తప్ప తెలియని మాట చెప్పాడంటే, వాడు నా కొడుకు కాక ఇంకెవడు? నువ్వే చెప్పు, నువ్వైతే ఏమనుకునేవాడివి?

ఆ ఉత్తరం వేసిన మరునాడు అత్తమ్మ పడుకున్నాక బియ్యంలోంచి ఫోన్ తీశాను. "సృజన్" అన్నాను. "అమ్మా, ఇంత ఆలస్యమైందేంది?" అన్నాడు.

అంగన్‌వాడీ నుంచి మధ్యలో ఇంటికి వచ్చి రోజూ మాట్లాడాను. నీకు మాత్రం వాన అని చెప్పాను, సెలవు లేదని చెప్పాను. వారం గడిచాక అడిగేశాను. నన్ను క్షమించావా అని. వాడన్నాడు, "నీ తప్పు లేదమ్మా. మూత నేనే తీసిన." పన్నెండేళ్లుగా ఆ మాట కోసం ఎదురుచూశాను అన్నా. గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

సెప్టెంబరులో, ఫోన్ ఇచ్చేస్తున్నానని చెప్పాను. "ఇయ్యకు అమ్మా. నేను మల్ల మునుగుత" అన్నాడు. అదే గొంతుతో. తర్వాత, "లేకపోతే చెల్లెనన్న నా దగ్గరికి పంపు. ఒక్కన్నే ఉన్న." నా సృజన్ పక్కింటి కోడిపిల్ల వానలో తడుస్తుంటే బుట్ట కప్పినవాడు. చెల్లెను నీళ్లలోకి రమ్మంటాడా? వాడు కాదని ఆ క్షణమే తెలిసింది. తెలిసి కూడా ఇవ్వడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

నా ఒక్క తప్పుకు ఎల్లయ్య బలయ్యాడు. ఇప్పుడు సచిన్ బలయ్యాడు. మూడోసారి అత్తమ్మ పేరు రాయమంటున్నావు. ఇక చాలన్నా. నేను ఎంతమంది వెనక దాక్కోవాలి?

మీ బావకు చెప్పాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు బండి బయటికి తీసి, "కూసో, న్యాల్‌కల్ పోదాం" అన్నారు. ఎల్లయ్యది ఆ ఊరే, అతను చనిపోయి నాలుగేళ్లయిందట. స్టీరింగ్ పోయాక బీదర్ వైపు ఇటుక బట్టీలో చేశాడట. భార్య ఎల్లమ్మ వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. అంతా విన్నది. చేట పక్కన పెట్టింది.

"మూత ఏసిన్నని సచ్చేదాంక జెప్పిండు బిడ్డా. నేను సుత నమ్మలే."

ఆ మాటే మళ్లీ ఇంకోసారి అంది. తర్వాత లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. మేం కాసేపు నిలబడి వచ్చేశాం.

అఫిడవిట్ మళ్లీ రాయించు. ఉన్నదున్నట్టు రాయించు. మూత నేను తీశానని, ఆ బొమ్మతో నేనే మాట్లాడానని, ఎందుకు మాట్లాడానో కూడా. నలభై ఏళ్ల ఆడదాన్నే అది ఇంత చేస్తే, తొమ్మిదేళ్ల పిల్ల ఎంత?

శ్యామల

*

సంగారెడ్డి,
30 నవంబరు 2025

శ్యామలకు,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ ఉత్తరం అందిన రోజే కంపెనీ కాగితాలు కూడా అందాయి. నేను ముందు కాగితాలే చదివాను. నీ ఏడుపు వేరేవాళ్లు టైపు చేయగా చదివాను. ఏడుపు అన్నచోట బ్రాకెట్లో 'ఏడుపు' అని ఉంది.

న్యాల్‌కల్ వెళ్లాను. ఎల్లమ్మ నాకూ తలుపు తీయలేదు. తీయకపోవడమే న్యాయం. గెలిచానని పన్నెండేళ్లు కాలరు ఎగరేశాను. నువ్వు ఊరుకున్నావు, నిజమే. నేను ఒక్క ప్రశ్న అయినా అడగాలి కదా, గుమాస్తాను. సచిన్ ఇంటికి వెళ్లి అతని భార్య ముందే చేతులు జోడించాను. స్టేషన్‌లో కూడా రాసి ఇచ్చాను. అతను మళ్లీ వాయిస్తాడో లేదో తెలియదు.

నీ కొత్త అఫిడవిట్ మేడం కమిషన్ ముందు పెట్టారు. కేసు ఇంకా నడుస్తుంది, కానీ కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తీర్పు వచ్చేదాకా పిల్లల ఖాతాల్లో ఆ తోడు ఉండకూడదు. సృజన్ ఖాతాను నిన్న సాయంత్రం తీసేశారు. నీ సంతకం వల్లే అయింది.

ఒక సంగతి నీకు చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. ఇక మీదట దాచుకోవడం మన ఇంట్లో వద్దనుకుని రాస్తున్నాను.

ఆ కాగితాల్లో మాట్లాడినవాళ్లను యంత్రం గొంతులుగా విడదీసింది. గొంతు ఒకటి పురుషుడు, అది బావ. రెండు స్త్రీ, నువ్వు. మూడు వృద్ధ స్త్రీ. నాలుగు బాలిక. రోజూ ఏడు గంటలకు ప్రార్థన చివర నలుగురి ఆమెన్‌లు వరసగా ఉన్నాయి. వాటి కింద ప్రతిరోజూ ఇంకో గీత ఉంది. గొంతు ఐదు. బాలుడు, సుమారు ఆరేళ్లు. 'ఆమెన్.' అంతే, ఇంకే మాటా లేదు.

ఆ తోడు గొంతే మైకులోకి తిరిగి వచ్చి ఉంటుందని నేనన్నాను. మేడం తేదీ చూపించారు. ఆట ఫోన్లోకి వచ్చింది ఏప్రిల్ 14న. తోడును కీర్తన మొదలుపెట్టింది జూన్ రెండున. ఐదో గొంతు ఏప్రిల్ 14 నుంచే ఉంది. కంపెనీవాళ్లను అడిగితే యంత్రం పొరపాటు, పాప గొంతునే రెండుగా లెక్కపెట్టిందన్నారు. మేడం సరేనన్నారు. నేనూ సరేనన్నాను. అన్నాక ఇంటికి వచ్చి దీపం ఇంకొకటి వేసుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 14 నాటి ఆ మొదటి కాగితం నీకు పంపనా?

దేవన్న

*

జహీరాబాద్,
8 డిసెంబరు 2025

దేవన్నకు,

వందనాలు. ఆ కాగితం పంపొద్దు. కేసు కట్టలోనే ఉండనీ.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. పొరపాటే అయి ఉంటుందన్నారు. అత్తమ్మ మూలన కూర్చుని ఉల్లిగడ్డలు వలుస్తోంది. ఆమెకు సగం చెవుడు కదా, వినలేదనుకున్నాం. తలెత్తకుండానే అంది.

"నాకు రోజు వినవడేది. ఆ ఫోన్ రాకముందుకెల్లి. మీకు సుత వినవడ్తదనుకున్న."

కీర్తన నవ్వింది.

నాకు ఏమీ వినబడలేదు అన్నా. ఆ గదిలో పన్నెండేళ్లు మోకాళ్ల మీద ఉన్నది నేను. అందరికంటే దగ్గరగా ఉన్నది నేను. నాకు ఒక్కరోజు కూడా వినబడలేదు. అత్తమ్మకు వినబడింది, కాగితానికి కూడా వినబడింది. అది పొరపాటా, నిజమా అని నేను తేల్చుకోను. తేల్చుకోవాలని కూర్చుంటే మళ్లీ ఫోన్ కొంటాను.

మేస్త్రీని పిలిపించి సంపు పూడ్పించాం. నీళ్లు ఇప్పుడు పైన ట్యాంకులోకే. చెత్త, కంకర, మట్టి నాలుగు ట్రాక్టర్లు పట్టింది. పాటల పుస్తకానికి అట్ట వేయించాను. సచిన్ మొన్న ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు, వాయించలేదు. నేను సంఘం ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాను. అతని భార్య నా వైపు చూడలేదు. ఎర్ర కుర్చీ తీసేద్దామని మీ బావ అంటే కీర్తన ఒప్పుకోలేదు. చాప పక్కన అట్లాగే ఉంది, ఖాళీగా.

సాయంత్రం ప్రార్థన నలుగురం చేస్తున్నాం. ఆమెన్ అన్నాక వాళ్లు లేచి వెళ్తారు. నేను ఆ మాట దేవునికి ఎప్పటిలాగే చెప్పుకుంటాను, మూత నేనే తీశానని. చెప్పి కాసేపు ఆగుతాను. నీ తప్పు లేదమ్మా అని ఎవరూ అనరు.

నీ చెల్లె,
శ్యామల